పోల్చకుండానే

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు ప్రోగ్రామర్, స్క్రీన్ మీంచి తల తిప్పకుండా.

అది ఎముక మూలుగ దాతల కేంద్రం. వచ్చినవాడు లారీ డ్రైవరు. ఎప్పుడో రక్తం నమూనా ఇచ్చిపోయాడు. ఈ దారిన లోడు దొరికినప్పుడల్లా దిగి అడిగిపోతాడు.

"నాది ఎవరికైనా కుదిరిందా సార్?"

"కుదిరితే మేమే ఫోన్ చేస్తాం. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అంత పనికిరాని ఒళ్ళా నాది? అయితే మా ఆవిడ మాట నిజమే."

ప్రోగ్రామర్ నవ్వలేదు. అతని అక్క ఆసుపత్రిలో ఉంది. మూలుగ మారిస్తేనే బతుకుతుంది. తమ్ముడైన తనది సరిపోలేదు. రోజూ పొద్దున్నే ఆమె వివరాలు పెట్టి, కంప్యూటర్లో తను రాసిన ఫంక్షన్ నడుపుతాడు. దాతలందరినీ పోల్చాల్సిన ఆ ఫంక్షన్ చెప్పేది ఒకటే: సరిపోలేదు.

"కంప్యూటర్ చూస్తోందిగా. నన్ను పని చేసుకోనీ."

డ్రైవరు వెళ్ళిపోయాడు.

తర్వాత అక్కా వెళ్ళిపోయింది.

"ఇంత లోకంలో నాకు సరిపడే మనిషే లేడేంట్రా?" అంది పోయేముందు.

సెలవు ముగిసి పనిలోకి వచ్చిన రోజున డ్రైవరు మళ్ళీ దిగాడు. మొహం చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏమైంది సార్?"

"మా అక్క పోయింది. మూలుగ దొరక్క."

"అయ్యో. నాదన్నా పనికొచ్చుంటే..."

"కూర్చో అన్నా," అన్నాడు ప్రోగ్రామర్, మొదటిసారి.

అతని రికార్డు తనే తెరిచాడు. పాతది. ఉన్నవి అంకెలే, కానీ కంప్యూటర్ అక్షరాలుగా దాచుకున్న అంకెలు. కొత్త రికార్డుల్లో, అక్క దాంట్లో కూడా, అంకెలు అంకెలుగానే ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెడితే ఫంక్షన్ పోల్చలేక ఎర్రర్ ఇస్తుంది. ముందు దీన్ని అంకెగా మార్చు, అని ఒక్క ముక్క రాయాలి.

అప్పట్లో తను రాయలేదు. ఎర్రర్ల గోల పడలేక, ఎర్రర్ వస్తే 'సరిపోలేదు' అని చెప్పెయ్యమని ఫంక్షన్‌లో రాసిపెట్టాడు. తప్పు బయటికి కనపడకపోతే పని బాగున్నట్టే కదా. పోల్చలేకపోయాను అని చెప్పుకోడానికి దానికి నోరే ఇవ్వలేదు. పాత దాతల్లో ఒక్కరినీ అది చూడనేలేదు.

ఆ ఒక్క ముక్కా ఇప్పుడు రాశాడు. నడిపాడు. అందులో ఇంకా అక్క వివరాలే ఉన్నాయి.

స్క్రీన్ చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

బల్లకి అవతల, అక్కకి పూర్తిగా సరిపోయిన ఆ ఒక్క మనిషి, కుర్చీ అంచున కూర్చుని మెల్లగా అడుగుతున్నాడు: "ఈసారీ లేదా తమ్ముడూ?"