నెలలో మూడోసారి

మెకానిక్ తన బండి నుంచి వైర్లు తగిలించి తాళం తిప్పగానే కారు గుర్రుమంది.

"బ్యాటరీ కొత్తదేనమ్మా. ఎవరో రోజూ ఇంజను వేయకుండా రేడియో పెడుతున్నట్టున్నారు. అందుకే నెలలో మూడోసారి దిగిపోయింది. అరగంట ఇంజను ఆపకండి," అని చెప్పి వెళ్లిపోయాడు.

కోడలు మామగారి వంక చూసింది. కొడుకు పోయి నాలుగు నెలలైనా ఆయన కంట తడి పెట్టలేదు. రాతిగుండె అనుకుందామె.

"నేనేనమ్మా," ఆయన తల దించుకున్నారు. "మధ్యాహ్నం నువ్వు పడుకున్నాక వచ్చి వాడి సీట్లో కూర్చుంటాను. నా ఏడుపు నీకు వినపడకూడదని రేడియో పెడతాను."

ఆమె కారు తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది.

"మధ్యాహ్నాలు నేనూ నిద్రపోవడం లేదు మామయ్యా. మీకు వినపడకూడదని దిండు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాను. రండి, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. కోడలి ఎదుటే భోరుమన్నారు.