ఒక మనిషికి ఒకే జబ్బు

అపాయింట్‌మెంట్ నాలుగింటికి. రజిని తల్లిని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఐదున్నర అయింది. గోల్నాకలో మూడింటికే ఆటో ఎక్కారు. విద్యానగర్‌లో రజినికి ఒక పాత పుస్తకాల కొట్టు కనిపించింది.

క్లినిక్ తార్నాక మెట్రో పక్క సందులో, ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో ఉంది. తల్లిని తీసుకురమ్మన్నది సైకాలజిస్టు కరుణాకర్. బాల్యం గురించి ఆమె చెప్పాలి, అది పద్ధతి.

వాళ్లు లోపలికి రాగానే కరుణాకర్ లేచి నిలబడ్డాడు. ఆలస్యం గురించి ఒక్క మాట అనలేదు. ఈ కాలంలో పెద్దవాళ్లకు ఇంత మర్యాద ఇచ్చేవారు ఉన్నారా అని తల్లి భూదేవి ముచ్చటపడింది. ఆ ముచ్చట అర నిమిషం నిలిచింది.

"పోయిన నెల నువ్వు రాసిచ్చిన కాయితం ఎందుకూ పనికిరాలె సారూ," అంది కూర్చుంటూనే. "మా రజినిని క్యాంపస్‌ల నుంచి ఎల్లగొడతరంట."

నిజమే. యూనివర్సిటీ క్రమశిక్షణ సంఘం రజిని మీద ఏడు అభియోగాలు మోపింది. పరీక్ష హాలుకు నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. ఏ ఫారమూ గడువులోగా ఇవ్వలేదు. సెమినార్‌లో మైకు కీచుమనగానే చెవులు మూసుకుని బయటికి నడిచింది; అప్పటికి ముఖ్య అతిథి ఇంకా తన పరిచయం వింటూనే ఉన్నారు. క్లాసు గది మారిస్తే, పదకొండు రోజులు పాత గదికే వెళ్లి కూర్చుంది. మిగిలినవీ ఇదే స్థాయి నేరాలు.

పోయిన నెల కరుణాకర్ ఇచ్చిన రిపోర్టులో ఆటిజం అని ఉంది. విచారణలో రజిని ఎదుటే సంఘం అధ్యక్షులు అచ్యుతరామయ్య దాన్ని పైనుంచి కిందికి చదివి, వెనకవైపు కూడా తిప్పి చూశారు. వెనకవైపు ఏమీ లేదు.

"ఆటిజం ఉన్నోళ్లు టైమంటే టైమే అంటరు గదా. మరి ఈ ఆలస్యాలేంది?" అని అడిగారు.

"అది ఏడీహెచ్‌డీ, ధ్యాస ఒకచోట నిలవకపోవడం," అంది రజిని. "రెండూ ఉన్నాయి."

"ఏడీహెచ్‌డీ ఉంటే రోజుకొక కొత్తదనం కావాలంటరు. మరి పాత గదిని పట్టుకొని వేలాడుడేంది?"

"అది ఆటిజం."

"అంటే ఇది అడిగితే అది, అది అడిగితే ఇది. ఒక మనిషికి ఒక జబ్బు చాలదా?"

"చూస్తే అట్ల ఏం కనిపిస్తలేదు," అన్నారు సభ్యులు రత్నాకర్. ఆయన అప్పుడు చూస్తున్నది ఫోను.

అచ్యుతరామయ్య పట్టుపురుగుల నిపుణులు. మెదడుతో ఆయనకు వృత్తిరీత్యా పరిచయం లేదు. అయినా తీర్మానం ఏకగ్రీవం: ఒక లక్షణం మరొకదాన్ని ఖండిస్తున్నది కనుక రెండూ నటనే. సోమవారం పదకొండు గంటలలోగా, రెండూ ఉన్నాయని నిపుణుడు సంతకం చేసిన కాగితం తేకపోతే రజిని క్యాంపస్ విడిచిపెట్టవలసిందే. నోటీసులో ఆరో అంశం రెండుసార్లు అచ్చయిందని రజిని చూపించింది. దాన్ని ఎనిమిదో అభియోగంగా చేర్చారు.

ఇవాళ శుక్రవారం.

కరుణాకర్ ప్రశ్నావళి తీశాడు. రజిని దాన్ని అందుకుని, పేజీలు తారుమారయ్యాయని పిన్ను ఊడదీసి సర్దడం మొదలుపెట్టింది. తర్వాత అక్షరదోషాలు దిద్దింది. అతడు కాదనలేదు. ఎర్ర కలం కూడా వెతికి ఇచ్చాడు.

"చిన్నప్పుడు ఎట్ల ఉండేది అమ్మా?"

"ఎట్ల ఉంటది. పెండ్లికని జరీ లంగ తొడిగితే, గుచ్చుకుంటున్నదని తిరగేసి తొడుక్కొని పందిరంత తిరిగింది. పప్పు పోయి కూరకు తాకితే రెండూ తినకపోయేది."

"మతిమరుపు?"

"ఒకనాడు ఉప్పు తెమ్మని దుకాణానికి తోలిన. రెండు గంటలకు ఇంటికొచ్చింది. ఉప్పు లేదు, సంచి లేదు, కాళ్లకు చెప్పులు లెవ్వు. దుకాణంల ఏ డబ్బ పక్కన ఏ డబ్బ ఉన్నదో మాత్రం వరుసగ చెప్పింది. నలభై మూడు డబ్బలు."

"నలభై నాలుగు," అంది రజిని తల ఎత్తకుండా.

కరుణాకర్ రాయడం ఆపాడు. "ఉప్పు మరిచింది ఏడీహెచ్‌డీ. డబ్బలు మరువంది ఆటిజం. ఒక్క దుకాణంలనే రెండూ ఉన్నయి అమ్మా."

"అది నాకు ఎరుకనే. మరి పోయిన నెల ఒక్కటే ఎందుకు రాస్తివి?"

అతడు కళ్లద్దాలు తీసి తుడిచాడు. వాటిమీద మురికి లేదు.

"ఆటిజం రాస్తే ఏడీహెచ్‌డీ రాయొద్దని అప్పట్ల మా డాక్టర్ల పుస్తకంల రూలుండె. 2013ల తీసేసిన్రు. పుస్తకం మారింది గని నా చెయ్యి మారలె. చదువుకునేటప్పుడు గంతగనం నూరిపోసిన్రు. రెండూ కలిపి రాస్తే సున్నా వేస్తమన్నరు."

"గట్ల నూరిపోసినోళ్ల నోట్ల మన్నువడ," అంది భూదేవి. "మెదడుకు కూడ రూలు పెడతరా? వాళ్లు చెప్పిందానికి నా బిడ్డ ఇన్నేండ్లు సగం మనిషై బతికింది."

రజిని సర్దిన పేజీలను మళ్లీ ఊడదీసింది.

కరుణాకర్ కొత్త కాగితం తీసుకున్నాడు. రెండు పేర్లనూ ఒకే వాక్యంలో రాశాడు. మొదటి రిపోర్టు అసంపూర్ణమని, ఆ పొరపాటు తనదేనని కింద చేర్చి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు.

భూదేవికి అది చాలలేదు.

"తప్పు నీదొక్కనిదే ఎట్లయితది? నీకు నేర్పినోళ్లు ఎవరు? పేరు చెప్పు. సోమవారం గా పట్టుపురుగుల సారు ముంగట నిలవెట్టి అడుగుత."

"పోనీయిండ్రి అమ్మా. పెద్దోళ్లు."

"ఎంత పెద్దోళ్లయితే నాకేంది? చెప్పు."

కరుణాకర్ లేచి, రిపోర్టును రెండు చేతులతో రజిని ముందు ఉంచి, "ఇరవై రెండేళ్ల కింద ఎమ్మేల మాకు ఆ పాఠం చెప్పింది మీ బిడ్డనే అమ్మా," అన్నాడు.