దిండుదే తప్పు

"ఇది దిండా, బండరాయా?"

మంచం మీద లేచి కూర్చుని, ఎడమ భుజం నొక్కుకుంటూ ఆయన ఆ పొద్దున అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఎన్నో ఏళ్లుగా మీ తల కింద ఉన్న దిండే," అంది భార్య దుప్పటి మడతపెడుతూ.

"అయితే దూది ఎవరు మార్చారు?"

"దూది అలాగే ఉంది. మీ తలే బరువెక్కినట్టుంది. ఈ మధ్య ఫోన్లో తెగ చదివేస్తున్నారుగా."

వంటింట్లో కోడలు నవ్వాపుకుంది. ఆయన దిండును కుర్చీలోకి విసిరారు, కుడిచేత్తో.

ఆయన బీమా కంపెనీలో క్లెయిముల అధికారి. ఇల్లు కాలిపోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే, అసలు ఇల్లు ఉండేదనడానికి రుజువేమిటని అడిగే ఉద్యోగం. బూడిద మూటగట్టి తెచ్చి చూపించినా "ఆధారాలు చాలవు" అని తిప్పి పంపించగల సమర్థుడు. ఇంట్లోనూ అదే పద్ధతి. మనవరాలికి వేయించాల్సిన తట్టు టీకా కొన్నాళ్లుగా ఆయన దగ్గర పెండింగులో ఉంది.

పాపకి తొమ్మిదో నెల నిండగానే వేయించమంది డాక్టరమ్మ. "ఆగండి, నేను పరిశీలించాలి" అన్నారు ఈయన. "నాన్న చూస్తానన్నారుగా" అని కొడుకు చేతులు దులుపుకున్నాడు.

పరిశీలన అంటే సోఫాలో కాళ్లు బారజాపుకుని వీడియోలు చూడటం. ఒకదాంట్లో తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి టీకాలన్నీ బూటకమని బల్ల గుద్దుతాడు. ఆ కోటుకి కొట్టువాళ్ల చీటీ ఇంకా వేలాడుతూనే ఉంటుంది. అది మాత్రం ఈయన కంటికి ఆనదు. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటకీ కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారు.

ఈలోగా పక్కవీధిలో ఇద్దరు పిల్లలకి తట్టు వచ్చింది. ఈ వారం ఎదురింటి పిల్లకి. కోడలు కిటికీలన్నీ మూసేసి, పాపను గుమ్మం దాటనివ్వడం లేదు.

"మావయ్యగారూ, ఎదురింటి పిల్లని ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరందట్లేదట. ఇప్పటికైనా పాపకి వేయిద్దామండీ," అంది కోడలు, కాఫీ ఆయన ముందు పెట్టి.

"ఆ పిల్లకి టీకా వేయించారా?"

"లేదుటండీ."

"వేయిస్తే రాకపోయేదనడానికి ఆధారం?"

"ఆ పక్కింటి కవలలకి వేయించారు. నిక్షేపంలా ఉన్నారు."

"ఇద్దరు పిల్లలు లెక్కలోకి రారమ్మా. అంతమాత్రాన ఏదీ తేలదు."

"మీ వీడియోలో ఉన్నది ఒక్కడేగా. వాడొక్కడూ ఎలా వచ్చాడు లెక్కలోకి?" అంది భార్య కూరగాయలు తరుగుతూ.

"నీకు తెలీదు, ఊరుకో. టీకా వేస్తే జ్వరం వస్తుంది. పొడిచినచోట సలుపు. చెయ్యి పైకెత్తలేక, ఆ పక్కకి తిరిగి పడుకోలేక ఎంత నరకమో తెలుసా? పసిది ఓర్చుకుంటుందా?"

"చూసొచ్చినట్టే చెప్తున్నారే!"

"జ్ఞానం ఉన్నవాడు ఊహించగలడు."

కోడలు పట్టు వదల్లేదు. "జ్వరమొచ్చినా రెండ్రోజుల్లో తగ్గిపోతుందని డాక్టరమ్మ చెప్పారండీ. తట్టు ముదిరితే ప్రాణం మీదికొస్తుందట."

"భయపెట్టడం వాళ్ల వృత్తి. నన్ను చూడు. చిన్నప్పుడు ఏ టీకా లేదు. ఇన్నేళ్లొచ్చినా తట్టన్నది నా ఒంటి మీద వాలలేదు. గుండ్రాయిలా లేనూ?"

అంటూ కాఫీ గ్లాసు కోసం ఎడమచెయ్యి చాపి, గుండ్రాయి కెవ్వుమంది.

పాప పాకుతూ వచ్చి ఆయన కాలు పట్టుకుంది. ఎత్తుకోమని చేతులు చాపింది. ఆయన దాన్ని కుడివైపుకి ఎత్తుకున్నారు. అది ఊరుకుంటుందా? తాతగారి మెడ చుట్టూ పాకి, రెండోవైపు భుజం మీద చెయ్యి వేసింది. "చచ్చాన్రోయ్!" అని దించేశారు. పాప ఝడుసుకుని ఏడుపు లంకించుకుంది.

"ఆ దిండు అవతల పారేయండని చెప్తున్నానా లేదా?" అని అరిచి, ఆయన స్నానానికి వెళ్లిపోయారు.

ఆయన ఫోన్ మోగింది. భార్య ఎత్తింది. అవతలివాళ్లు చెప్పేది శ్రద్ధగా విన్నది. "అలాగేనమ్మా, నేను గుర్తుచేస్తాలే," అని పెట్టేసింది.

ఆ తర్వాత కుర్చీలోని దిండు తెచ్చి, గలీబు సరిచేసి, మంచం మీద ఉన్నచోటే పెట్టింది.

సెలవురోజు కాబట్టి మధ్యాహ్నం అందరూ కలిసి భోజనాలకి కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు. కొడుకు తినడం ఆపాడు. ఆఫీసులో తీర్పు చెప్పేముందు కూడా ఆయన ఇలాగే సవరించుకుంటారని ఇంట్లో అందరికీ తెలుసు.

"అన్ని కోణాల్లోంచీ పరిశీలించాను. టీకా భద్రమే అనడానికి ఆధారాలు చాలవు. పనిచేస్తుందనడానికీ చాలవు. పాపకి వేయించడం లేదు. ఈ మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తొద్దు."

కొడుకు కంచంలోకి చూస్తూ తలూపాడు. కోడలి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఒళ్లో ఉన్న పాపని ఎడమచేత్తో దగ్గరికి లాక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

భార్య గరిటె గిన్నెలో పెట్టింది. చెయ్యి తుడుచుకుంది.

"రేపు పొద్దున్నే తయారుగా ఉండమ్మా," అంది కోడలితో. "పాపకి టీకా వేయించుకొద్దాం."

ఆయన కస్సుమని లేచారు. "ఎవర్నడిగి? ఏ ఆస్పత్రికి? అక్కడ నమ్మకస్తులెవరున్నారట?"

"మీ భుజం నొప్పి తగ్గిందా అని ఇందాక ఫోన్ చేసిన నర్సమ్మ ఉంది లెండి, మొన్న మీరు గుట్టుచప్పుడు కాకుండా వెళ్లి తట్టు టీకా వేయించుకొచ్చిన ఆస్పత్రిలోనే!"