పరలోకపు డాలర్లు

"ఈ డాలర్లు తీసుకుని యువాన్లు ఇవ్వు నాయనా," అంది ఆశ్యాంగ్ పిన్ని, కాగితపు కట్టలు బల్ల మీద పెట్టి.

చనిపోయినవాళ్లకు కాల్చి పంపే నోట్లవి. ష్వేగెన్ అచ్చువేసి అమ్ముతాడు. పండుగ సరుకు కోసం మూడు రోజులు ఆలుమగలిద్దరూ అచ్చు షెడ్డు వదల్లేదు. ఆ బుధవారం పొద్దున్నే దుకాణం తెరిచారు.

"డాలరుకేమొచ్చింది పిన్నీ?"

"పడిపోయిందిగా. ఎనిమిది యువాన్ల ఇరవై ఎనిమిది ఉండేది, ఎనిమిదీ పదకొండయింది. మా ఆయనే కల్లోకొచ్చి చెప్పాడు. గడప అవతలే నిలబడ్డాడు. చేతిలో పోయినసారి నేను కాల్చిన కట్ట. ఇవి ఇక్కడెవరూ పుచ్చుకోవడం లేదు, మార్చి పంపు అన్నాడు."

"బతికుండగా డాలరు మొహం చూడని మనిషి, ఇప్పుడు ధరలు చెబుతున్నాడా?"

"వేళాకోళం వద్దు. మీ నాన్నా పక్కనే ఉన్నాడట. మావాణ్ణి ఇవాళే మార్చుకోమను అన్నాడట."

కల సంగతి అటుంచి, ష్వేగెన్ పదకొండు అన్న అంకె దగ్గర ఆగిపోయాడు. సరుకు కొన్నందుకు మలేసియాలోని పెనాంగ్ వ్యాపారి పంపిన నలభై వేల డాలర్లు బ్యాంకులో డాలర్లుగానే ఉన్నాయి. అవి కాల్చేవి కావు, అసలువి. పదేళ్లుగా కదలని ధర, తొందరేముందని ఉంచాడు. డాలరుకు పదిహేడు పైసల చొప్పున పోతే ఆరువేల ఎనిమిది వందల యువాన్లు. ఈ ఏడు మిగిలేదే అంత. సెప్టెంబరులో కూతురి కాలేజీ ఫీజు అందులోంచే కట్టాలి.

మధ్యాహ్నం లోపల అదే పని మీద ఇంకో ఇద్దరొచ్చారు. ఒకడు కొండమీది ఊరి మావో. వాళ్లమ్మ పోయి ఆరేళ్లు. ఆవిడా కల్లోకొచ్చి అదే అంకె చెప్పిందట.

"వాళ్ల కొండమీద నాలుగు రోజులుగా కరెంటు లేదయ్యా," అంది భార్య త్సైది మెల్లగా. "వార్తలెక్కడ చూశాడు?"

"రేడియో ఉండదూ? విని పడుకుంటారు, అదే కల్లోకొస్తుంది. మన సరుకు మరీ చవకని అమెరికావాళ్లు రెండేళ్లుగా గోల పెడుతున్నారు. యువాన్ విలువ పెంచితే మన సరుకు వాళ్లకు ప్రియమవుతుంది, వాళ్ల ఫ్యాక్టరీలు ఊపిరి తీసుకుంటాయి. నలిగేది మనం. ఎప్పుడో జరిగేదేనని అందరూ అంటున్నదే. సరిగ్గా నేను షెడ్డులో ఉన్నప్పుడే జరగాలా?"

"మామయ్య ఇవాళే మార్చుకోమన్నాడుగా. బ్యాంకు అయిదింటిదాకా ఉంటుంది. వెళ్లిరా."

"పడ్డాక మార్చుకోమని చెప్పడానికి చచ్చినవాడు రావాలా? ముందే చెప్పుంటే పనికొచ్చేది. ఉండనీ, మళ్లీ లేస్తుందేమో చూద్దాం."

"మరి అమ్మాయి ఫీజో?"

"మా బావనడుగుతా."

త్సైది వెళ్లి మామగారి పటం ముందు అగరొత్తి వెలిగించింది. అది అంటుకుంది, ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరిపోయింది. దుకాణంలో గాలి లేదు.

అయిదింటికి వీధి చివర బ్యాంకు షట్టరు దించిన చప్పుడు వినబడింది. ష్వేగెన్ తల కూడా ఎత్తలేదు.

యువాన్ విలువ పెంచి, డాలరును ఎనిమిదీ పదకొండుకు దించినట్టు బీజింగ్ ప్రకటించింది మర్నాటి సాయంత్రం.