ముప్పయ్యో గురువారం

ప్రతి గురువారంలాగే నర్సు ఇన్షిరాహ్ అక్క సిరంజి కవరును నా కళ్ళ ముందే చింపింది. "కొత్తది. సరిగ్గా చూసుకోరా షహాతా."

"ముప్పైసార్లు చూశాను తల్లీ. పొడువు."

నా కాలేయంలో చేరిన హెపటైటిస్ సి కోసం వారానికొక సూది. ఇంకా పద్దెనిమిది మిగిలాయి. సూది పడ్డ ప్రతిసారీ రెండు రోజులు చలిజ్వరం. మా ఆవిడ వండిన ములూఖియా ఆకుకూర ఇనుము నాకినట్టుంటుంది. వరిమడి గట్టు దాటేలోపు మూడుచోట్ల చతికిలబడతాను.

"ఎక్కడ అంటుకుందని డాక్టరు అడిగాడా?" అంది సూది తీస్తూ.

"అడిగాడు. తెలియదన్నాను."

"అబద్ధాలకోరు."

తెలియకేం? మా నైలు కాలువల ఊళ్ళలో నా ఈడువాళ్ళందరికీ తెలుసు. చిన్నప్పుడు, కాలువలో మునిగితే ఒంట్లోకి చేరే పురుగుల జబ్బుకి బడిలో సూదులు వేశారు. ఒకే గాజు సిరంజి, వరసలో నలభైమంది పిల్లలం. వేసింది ఈ అక్కే.

ఆమె స్టూలు మీద కూలబడింది. "మీరు జడుసుకుంటున్నారని ఆ రోజు ఆ సిరంజితోనే మొదటి సూది నేను వేసుకున్నానురా. నేనూ ఆ కాలువలో మునిగినదాన్నే కదా. మొన్న నా రక్తం పరీక్ష చేశారు. నాకూ నీ జబ్బేనట. మీ వరసకి ముందున్నది నేనే."

నాకు కోపం రావలసింది. దానికీ ఓపిక కావాలి. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

"నీకు సూదులు ఎప్పటినుంచి?"

"వచ్చే గురువారం."

"ఎవరు వేస్తారు?"

"ఎవరో ఒకరు."

"నాకు వేశాక నీకు నేను వేస్తాలే అక్కా. కవరు నీ కళ్ళ ముందే చింపుతాను."