పాడుచేసిన పిస్తోలు

"దీన్ని కొంటారా, లేకపోతే తీసుకెళ్ళి ఏట్లో పారేయమంటారా?"

డెల్లా ఆ పెట్టెను గాజు బల్ల మీద దబ్బున పెట్టింది. తుపాకులు బాగుచేసే ఆర్విల్ కళ్ళజోడు సవరించుకుని ఆమెకేసి చూశాడు. ఆమె మొహం కోపంతో కందగడ్డలా ఉంది. పొద్దున పోలీసులకి రాసిచ్చిన ఫిర్యాదు సిరా అరచేతి అంచున ఇంకా నల్లగా అంటుకునే ఉంది.

మాజీ మొగుడు డ్వేన్ మీద అది మూడో ఫిర్యాదు. విడాకులై ఏడాది దాటినా, ఆమె ఇంటి ముందు కారు ఆపుకుని కూర్చోవడం డ్వేన్ మానలేదు. మొన్న వెనక తలుపు తన్నాడు. పోలీసులు ఈసారి కూడా కాగితం తీసుకుని, జాగ్రత్తగా ఉండమని చెప్పి పంపేశారు. ఆ మాట చెప్పడానికి పోలీసులు కావాలా?

ఆర్విల్ పెట్టె తెరిచాడు.

"అరె, ఇది హోబర్ట్‌ది కదా!"

"మా నాన్న. పోయి పది రోజులైంది."

"తెలుసమ్మా. సమాధి దగ్గరికి నేనూ వచ్చాను. అయితే నువ్వు కూతురివా? కూతురుందని ఎప్పుడూ అనలేదే."

"ఎందుకంటాడు? డ్వేన్‌ని చేసుకోవద్దన్నాడు, చేసుకున్నాను. ఆరేళ్ళు మాటల్లేవు. నన్ను చచ్చినదాని కింద జమకట్టేశాడు. ఇల్లు తమ్ముడికి రాశాడు. ట్రక్కు తమ్ముడికి. వేటకుక్కలు కూడా తమ్ముడికే. నా మొహాన మాత్రం ఇది కొట్టాడు."

ఆర్విల్ పిస్తోలు చేతిలోకి తీసుకున్నాడు. గుళ్ళు లేవని రెండుసార్లు చూసుకున్నాడు. అప్పుడు గానీ అతని మొహంలో మెరుపు రాలేదు.

"అరచేతిలో ఇమిడే తుపాకుల్లో ఇంత ముద్దొచ్చేది నేను చూడలేదమ్మా. ఇరవై ఏళ్ళు మీ నాన్న కుడి నడుము మీదే ఉంది. చర్చికి వెళ్ళినా కోటు కింద ఇదే. గొట్టం కొసన గురి చూసే చుక్కకి ఇత్తడి నేనే పెట్టాను. వాల్‌నట్ చెక్క పిడి మీద గళ్ళు మాత్రం తనే చెక్కుకున్నాడు. ఒక చలికాలమంతా కూర్చుని చెక్కాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

అంతలోనే మూతి ముడిచాడు.

"ఏం లాభం? చివర్లో పాడుచేశాడు."

"ఏం చేశాడు?"

"ఏం చెయ్యలేదో అడుగు! ఆ గళ్ళన్నీ నా చేతే అరగదీయించాడు. పిడి సన్నం చేయించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మెత్తటి స్ప్రింగు వేయించాడు. ట్రిగ్గర్ దగ్గరికి జరిపించాడు. ఆఖరికి గుళ్ళుండే మ్యాగజైన్ జారే బటన్‌ని కూడా అవతలి పక్కకి మార్పించాడు. అది ఎడమచేతి వాటం వాళ్ళకి ఉండే చోటు. కుడిచేతి మనిషివి, నీకెందుకయ్యా ఇది అని పోట్లాడాను."

"ఏమన్నాడు?"

"'చెప్పింది చెయ్యి, ముసలోడా' అన్నాడు. నాకు అర్థమైపోయింది. కీళ్ళవాతం. కుడి చెయ్యి పట్టు తప్పింది, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. నలభై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నానమ్మా. పిస్తోలు చూస్తే చాలు, మనిషి రోగం చెప్పేస్తాను."

ఆర్విల్ గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

"మంచు కరిగిందగ్గర్నుంచీ ప్రతి శనివారం వచ్చేవాడు. వెనక షెడ్డులో ఎడంచేత్తో కాల్చి చూసుకునేవాడు. గురి కుదిరేది కాదు. తిట్టుకుంటూనే 'ఇంకాస్త సన్నం చెయ్యి' అనేవాడు."

"ప్రతి శనివారమా?" డెల్లా గొంతు లేచింది. "నేనుండేది ఇక్కడికి పన్నెండు మైళ్ళు. ఒక్క శనివారం నా గుమ్మం తొక్కాడా? చలికాలం చివర్లో సిగ్గు విడిచి ఫోన్ చేశాను. నాన్నా, వీడు నన్ను చంపేస్తాడు, భయంగా ఉంది అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'చూస్తాలే' అని పెట్టేశాడు. ఇదేనా చూడ్డం? తన వేళ్ళు నొప్పెట్టకుండా ఈ బొమ్మకి ముస్తాబులు చేసుకుంటూ కూర్చున్నాడా?"

ఆర్విల్ పిస్తోలు మెల్లగా పెట్టెలో పెట్టాడు.

"చిన్నప్పుడూ ఇంతే. అన్నాల దగ్గర తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నన్ను మాత్రం బల్ల చివరికి తోసేవాడు. 'అక్కడ కూర్చో, ఎవరికీ అడ్డం రాకు' అని."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపువి కావు, ఒళ్ళు మండి వచ్చినవి.

ఆర్విల్ లోపలికెళ్ళి కొత్త తోలు ఒర ఒకటి తెచ్చి పెట్టె పక్కన పెట్టాడు.

"ఇది కూడా ఆయనదే. ఎడమ నడుముకి కుట్టమన్నాడు. శనివారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. శుక్రవారం గుండె ఆగిపోయింది."

"నాకొద్దు. దీన్నీ మీరే ఉంచుకోండి. ఎంతొస్తే అంత ఇవ్వండి. తలుపులకి గట్టి తాళాలు కొనుక్కోవాలి."

"ఇన్ని మార్పులు చేశాక దీనికి పెద్దగా రాదమ్మా. ఇప్పుడిది ఎవరి చేతికి సరిపోతుంది చెప్పు?"

"ఎవరికి సరిపోతే నాకేం? నా కళ్ళ ముందు ఉండకూడదు, అంతే."

ఆర్విల్ నిట్టూర్చాడు. అమ్మకం కాగితం తీసి ఆమె ముందుకి జరిపాడు.

"ఇక్కడ పేరు రాయి. కింద సంతకం పెట్టు."

డెల్లా పెన్ను లాక్కుని ఎడమచేత్తో పేరు రాయడం మొదలుపెట్టగానే, ఆర్విల్ ఆ కాగితాన్ని ఆమె చేతి కింద నుంచి లాగేసుకున్నాడు.