మూడో అంతస్తులో కచేరీ

సింధు పియానో మీది దుమ్ము తడిగుడ్డతో తుడుస్తోంది. రోజూ సాయంత్రం ఆ పని రామమోహనరావు మాస్టారిది. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఇవాళ ఆయన హాల్లో కిటికీ పక్కన పడుకుని ఉన్నారు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారు. భార్య వేదవతి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. పక్క ఫ్లాటువాళ్లు కాఫీ పంపారు. ఫ్లాస్కు మూత ఎవరూ తీయలేదు.

ఇవాళ ఆదివారం సాయంత్రం కచేరీ అని మాస్టారు ఎప్పుడో చెప్పేశారు. వేదిక లేదు, మైకు లేదు. ఎల్బీనగర్‌లో తన ఇంటి హాల్లోనే. వాయించేది ఆయన దగ్గర నేర్చుకున్న నలుగురు అమ్మాయిలు. సింధు పియానో, ఇందు వయోలిన్, మృదుల దానికన్నా కాస్త పెద్దదైన వయోలా, ప్రసన్న మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో. నాలుగు భాగాల జర్మన్ రచన.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పైనున్న చిన్న గదిలో దాన్నే సాధన చేస్తూ వచ్చారు. ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్లలేదు. మాస్టారు కళ్లు మూసుకుని వింటారు. తప్పు వినపడగానే వేలెత్తుతారు. మళ్లీ మొదటికి రావాల్సిందే.

అమ్మాయిలు వాద్యాల పెట్టెలు తెరవడం చూసి మాస్టారి తమ్ముడు గంగాధరరావు పియానోకి అడ్డంగా నిలబడ్డాడు. మధ్యాహ్నమే విజయవాడ నుంచి వచ్చాడు. అన్నయ్య ఇలా ఉంటే ఇంట్లో ఈ వాయింపులేమిటని అడిగాడు. పై ఫ్లాట్లవాళ్లు నవ్వుకుంటారన్నాడు. బండి కిందే ఆగి ఉందని, డ్రైవరు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడని చెప్పాడు.

"పొద్దు పోతే అక్కడ తీసుకోరు వదినా. తరవాత మీ ఇష్టం."

వేదవతి మరిది వైపు చూడలేదు.

"ఈ సాయంత్రం మీ అన్నయ్య ఈ పిల్లలకిచ్చారు గంగాధరం. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నువ్వెవరు, నేనెవరు?"

గంగాధరరావు ఇంకో మాట ఎత్తాడు. లిఫ్టు చిన్నది, పడుకున్న మనిషి అందులో పట్టడు. మెట్ల మీదుగా దించడానికి బంధువుల్లో నలుగురు మగవాళ్లను సిద్ధం చేశానన్నాడు. వాళ్లను ఎంతసేపు నిలబెట్టాలని విసుక్కున్నాడు.

"వాళ్లను కూసోమనుండ్రి అంకుల్," అంది ఇందు, వయోలిన్ తీగ బిగిస్తూ. "సార్‌ను మేం దించుతం."

"ఆడపిల్లలా? మూడంతస్తులమ్మా. జారితే?"

"గీ చెల్లో ఎత్తుకొని దినాం మెట్రో మెట్లు ఎక్కేది ఎవరనుకుంటున్నరు? షేర్ ఆటోల దీనికి కూడ సీటు పైసలు గుంజుతరు. గింత బరువు మోసెటోళ్లం, మా సార్‌ను మొయ్యమా?"

ప్రసన్న చెల్లో వెనక తల దించుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"అలా కుదరదు. పద్ధతని ఒకటుంటుంది," అన్నాడు గంగాధరరావు. మాస్టారు ఏమైనా అంటారేమో అన్నట్టు అందరూ ఒక్క క్షణం కిటికీ వైపు చూశారు.

వేదవతే మాట్లాడింది.

"ఇన్నేళ్లూ అందరి మాటా విన్నాను. ఈ ఒక్క పూట నా మాట. వాయించేదీ వీళ్లే, దించేదీ వీళ్లే."

గంగాధరరావు పియానో దగ్గర నుంచి పక్కకి జరిగాడు. కానీ గోడకి ఆనుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

హాలు నిండింది. మాస్టారు పిలిచినవాళ్లకన్నా ఎక్కువమందే వచ్చారు. చెప్పులు మెట్ల దాకా ఉన్నాయి. అందరూ కిందే కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

మొదటి భాగం బిక్కుబిక్కుమంటూ సాగింది. రెండోది కాస్త కుదురుకుంది. మూడోది నెమ్మదైనది. అందులో వయోలా ఒంటరిగా పలకాల్సిన చోట మృదులకి స్వరం తప్పింది. పైకే వినపడింది.

అలవాటుగా నలుగురూ ఆగబోయారు. నలుగురూ కిటికీ వైపు చూశారు.

వేలు లేవలేదు.

మృదుల కమాను గాల్లోనే ఉండిపోయింది. గంగాధరరావు గోడను వదిలి ఒక అడుగు ముందుకేశాడు. ఇక చాలన్నట్టు చెయ్యి చాపాడు.

ఇందు కాలితో నేలను టక్కున తట్టి, లయ అందించి, కమాను బలంగా లాగింది. సింధు అందుకుంది. ప్రసన్న అందుకుంది. మృదుల కళ్లు తుడుచుకోకుండానే వచ్చి కలిసింది. గంగాధరరావు చాపిన చెయ్యి మెల్లగా దిగిపోయింది.

నాలుగో భాగం వేగమైనది. ఎన్నడూ చేరని చోటికి చేరారు. మళ్లీ తప్పులు దొర్లాయి. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. కింద బండి హారన్ మోగింది. సింధు ఇంకా గట్టిగా వాయించింది. పై ఫ్లాట్లవాళ్లు తలుపులు తీసుకుని మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. కిటికీలో ఎర్రటి వెలుగు ఉండగానే చివరి స్వరం పలికింది.

చప్పట్లు లేవు. వేదవతి ఒక్కతే తల ఊపింది.

అమ్మాయిలు లేచి వయోలిన్, వయోలా, చెల్లో సోఫాలో పెట్టారు. గుమ్మం దగ్గరున్న నలుగురు మగవాళ్లు గంగాధరరావు వైపు చూశారు. అతను వాళ్లను పక్కకి తప్పుకోమని సైగ చేశాడు.

"మెట్ల మలుపు దగ్గర నెమ్మదమ్మా," అన్నాడు ఇందుతో.

రామమోహనరావు మాస్టారు ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా, నలుగురు అమ్మాయిలు భుజాలకెత్తుకున్న పాడె మీద ఇల్లు దాటి వెళ్లిపోయారు.